పెదవుల మధ్య గుండుసూదులు

దర్జీకి నత్తి, వాళ్లక్కకి తొందర. ఈ రెండూ ఒకే కొట్లో ముప్ఫై ఏళ్లుగా సర్దుకుపోతున్నాయి. తమ్ముడు మాట మొదలుపెడితే చాలు, మిగతాది అక్క పూర్తి చేసేసేది. అంచులు మడిచి కుట్టేటప్పుడు గుండుసూదుల్ని పెదవుల మధ్య పట్టుకోవడం ఆవిడ అలవాటు. అప్పుడు మాత్రమే అతని మాట అతనికి దక్కేది.

మూడేళ్ల కిందట అతను "అక్కా, బొత్తాల కొట్టుకి వెళ్లి..." అంటూ ఆగిపోయాడు. నీ నత్తితో బేరమేం ఆడతావు, నేను తెస్తాలే అని ఆవిడ బయల్దేరింది. అప్పట్నుంచీ అదే వరస. ఇప్పుడు కొట్లో రెండు గోనెసంచుల బొత్తాలున్నాయి. నిజానికి అతను అడగాలనుకున్నది ఆ కొట్టావిడని, తనని పెళ్లి చేసుకుంటుందా అని. ఆవిడేమో వచ్చే వారం కొట్టు ఎత్తేసి వేరే ఊరు వెళ్లిపోతోంది.

ఇంతలో పెద్దాసుపత్రిలో నత్తి ఉన్నవాళ్ల మెదడు ఫొటోలు తీస్తున్నారని తెలిసి అక్క అతన్ని లాక్కెళ్లింది. నత్తికి కారణం భయమేనని ఆవిడ నమ్మకం. ఆ భయం ఫొటోలో ఎలా పడుతుందో చూడాలని ముచ్చటపడింది. మెషిన్ ఇనుముని లాగేస్తుందని ముందే ఆవిడ సూదుల డబ్బీ తీసి పక్కన పెట్టించారు.

తమ్ముణ్ణి గొట్టంలాంటి మెషిన్లో పడుకోబెట్టి, ఎదురుగా కనిపించే మాటలు చదవమన్నారు. మెషిన్ దడదడా మోగుతుంటే అతను గడగడా చదివేశాడు. డాక్టరమ్మ ముఖం చిన్నబుచ్చుకుంది. ఆవిడకి కావలసింది నత్తి, అదొక్కటే రాలేదు.

ఇది భయం కాదని ఆవిడ అక్కకి వివరించింది. మాట ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే చోట ఇతని మెదడు కాస్త తడబడుతుంది, బయటి నుంచి ఈ మెషిన్ దడదడలాంటి తాళం దొరికితే దాన్ని పట్టుకుని నడిచిపోతుంది అంది. తర్వాత మైకులో, ఈసారి మీకు తోచింది మాట్లాడమని అతనికి చెప్పింది.

"అక్కా, నాకు బొత్తాలొద్దు. మూడేళ్ల నుంచీ వద్దు. ఆ కొట్టావిడని పెళ్లికి ఒప్పుకుంటారా అని అడగాలి. నేనే అడగాలి."

సూదులు లేకుండా తమ్ముడి మాట చివరిదాకా వినడం అక్కకి అదే మొదటిసారి. ఆవిడకి ఏడుపొచ్చింది.

అటునుంచి అటే బొత్తాల కొట్టుకి వెళ్లారు. అరలు సగం ఖాళీ అయిపోయాయి. దర్జీ "మీరు న... న..." అని ఆగిపోయాడు. అక్కడ మెషిన్ లేదు. కొట్టావిడ చేతిలో అట్టపెట్టె కింద పెట్టి అతని వైపే చూస్తూ నిలబడింది.

మిగతా మాట అక్కకి తెలుసు. ముప్ఫై ఏళ్లలో మొట్టమొదటిసారి సరిగ్గా తెలుసు. ఆవిడ డబ్బీ తెరిచి, నాలుగు గుండుసూదులు తీసి పెదవుల మధ్య పెట్టుకుంది.