వగీదా కొట్లో పాత ఏడాది

మహల్లాలో వగీదా కొట్టు ఎప్పుడూ ఒకేలా తెరుచుకుంటుంది. షట్టర్ ఎత్తుతుంది, టీ పెడుతుంది, జనం తెచ్చిన పాత ప్రోగ్రాములకు కొత్త కంప్యూటర్లలో చోటు చూస్తుంది. పాత ప్రోగ్రామ్ ఇల్లు మారిన ముసలమ్మ లాంటిది, ప్రతిదానికీ పాత ఇల్లే తడుముకుంటుంది. అందుకని వగీదా మధ్యలో ఒక పొర వేస్తుంది. "నా పాత సిస్టమ్ ఏదీ?" అని ప్రోగ్రామ్ అడిగితే, ఆ పొర "ఇదిగో" అంటూనే కొత్తదానిచేత పని చేయిస్తుంది. ఎంత ముద్దుగా నమ్మిస్తుందో చూసి తీరాలి.

పొర ఉన్నంతసేపూ తెర వెలుగు పడినంత మేర ఆ ప్రోగ్రామ్ నాటి ఏడాదే నడుస్తుంది. వగీదా నెరిసిన జుట్టు నల్లబడుతుంది. ఊరికి ఇదేం వింత కాదు. షరతు ఒక్కటే: చనిపోయినవాళ్ళ పేరెత్తి అక్కడ "అల్లా కరుణించుగాక" అనకూడదు. అంటే కాలం గడిచిందని ప్రోగ్రామ్‌కి తెలిసిపోయి, అలిగి మూసుకుంటుంది. మహల్లాలో ఆ మాట అనకుండా ఉండడం తుమ్ము ఆపుకోవడమే.

దుప్పట్లు నేసే ఫర్గలీ ఒకరోజు సీడీ పట్టుకొచ్చాడు. మగ్గానికి డిజైన్లు అందించే కంప్యూటర్ కాలిపోయింది. ప్రోగ్రామ్ సీడీ మిగిలింది, డిజైన్లు మిగల్లేదు. పూల అంచు లేని దుప్పటి ఎవరూ కొనరు. గురువారానికి మగ్గం ఆడకపోతే పట్టుకుపొమ్మని తుక్కు బేరగాడికి మాటిచ్చేశాడు.

వగీదా పొర వేసింది. తెర వెలిగింది.

"అంచు ఎవరు గీస్తారు బాబాయ్?"

"ఎప్పుడూ నా భార్య ఇన్సాఫే చెప్పేది, నేను గీసేవాణ్ణి. తనను అల్లా కరు..."

తెర నల్లబడింది.

"చూశావా! నోరు కట్టేసుకోమన్నానా లేదా?"

"నాలుక నా మాట వింటుందా తల్లీ?"

"ఇన్సాఫ్ మాట విన్నట్టు నా మాట వినమను దాన్ని."

వగీదాకి ప్రోగ్రామ్‌ని మొదట్నుంచి బతిమాలాల్సి వచ్చింది. అది మళ్ళీ కళ్ళు తెరిచేసరికి సాయంత్రం నమాజు పిలుపు వినిపిస్తోంది. ఫర్గలీ కుడిచెయ్యి వెలుగులోకి చాపాడు. ఆ తర్వాతెప్పుడో మగ్గం మింగేసిన రెండు వేళ్ళూ ఉన్నాయి. వగీదా మౌస్ అతని వైపు జరిపింది.

"ఇన్సాఫ్ ఏమంటోంది బాబాయ్?"

ఫర్గలీ మౌస్ అందుకున్నాడు. పోయిన మనిషిని ఉన్నట్టే అడిగిన వగీదా నేర్పుకి దణ్ణం పెట్టాలనిపించింది.

"పూలు ఇరుకుగా ఉన్నాయంటోంది" అన్నాడు. "కాస్త జరపమంటోంది."

జరిపాడు.

గురువారం బేరగాడు బండితో వచ్చాడు. లోపల, వగీదా పొర వేసిచ్చిన కంప్యూటర్ పక్కన మగ్గం టకటకలాడుతోంది.

"ఏంటి ఉస్తాద్, మాట తప్పుతున్నావా?"

"ఆడకపోతే అన్నాను. వినపడట్లేదూ?"

బేరగాడు గుమ్మంలోంచి తొంగిచూశాడు. దుప్పటి అంచు చూసి అతని మొహం మెత్తబడింది.

"ఇది మన ఇన్సాఫ్ చెప్పే అంచు కదూ! అల్లా..."

ఫర్గలీ తన మూడువేళ్ళ చెయ్యి అతని నోటికి అడ్డం పెట్టాడు.

"ఆ మాట అనకు. లోపల ప్రోగ్రామ్ నడుస్తోంది."

బేరగాడు తలూపి బండి వెనక్కి తిప్పాడు.

"అయితే ఇన్సాఫ్‌కి నా సలాం చెప్పు."