మేకుకు తడి తువ్వాల

మేత వేసేముందు చక్రాల కరెంటు మీట దించాలి, మేత అయ్యాక మేకుకు తువ్వాల ఉందేమో చూడాలి, గుంటవైపు తిరిగి ఒక్కొక్కరిని పేరుపెట్టి పిలవాలి, జవాబు వినాలి, అప్పుడే మీట ఎత్తాలి, దించానా, దించాను, దించకపోతే గుంటకు గాలి పట్టించే చక్రాలు ఇంకా నీళ్లు చిమ్ముతూ ఉండేవి, అయినా మళ్లీ చూస్తాను, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని, ఈ రొయ్యల గుంటలమీద సూపర్‌వైజర్‌ని, మీట ముందు నిలబడితే మాత్రం చెయ్యి వణుకుతుంది, రోజూ ఇంతవరకు చెయ్యి బేటా, మిగతాది ఆలోచించొద్దు అంది అమ్మీ, అందుకే రోజూ ఇంతవరకే చేస్తున్నాను, నీళ్లలోకి దిగేవాళ్లు స్విచ్‌బోర్డు మేకుకు తువ్వాల తగిలించి దిగాలి, అది ఉన్నంతసేపు ఎవరూ మీట ముట్టరు, ఇక్కడి పద్ధతి, నేను చేరకముందు ఇక్కడ పనిచేసిన పెంచలకృష్ణ ఒక పొద్దున అది మరిచి దిగాడట, మేకు ఖాళీగా ఉందని ఎవరో మీట ఎత్తారు, కరెంటు నీళ్లలోకి పాకింది, అతను మళ్లీ పైకి లేవలేదు, ఆ ఎవరో నేనైనా కావచ్చు కదా, ఖాళీ మేకు చూస్తే నేనైనా ఎత్తేదాన్నే కదా.

ఈ పొద్దున మైపాడు వైపునుంచి మంచు దిగింది, ఎదుటి గట్టు కనబడదు, సముద్రం హోరు మాత్రం పక్కనే ఉన్నట్టుంది, మేకుకు ఎర్ర తువ్వాల, నీళ్లు కారుతున్నాయి, కింద సిమెంటు తడిసింది, మా వాళ్లలో ఎర్ర తువ్వాల ఎవరికుంది, మాలకొండమ్మా అని పిలిచాను, ఉండా మేడం, మేత డబ్బా కాడే ఉండా, జ్ఞానప్రకాశం, ప్రెజెంట్ టీచర్, రోజూ హాజరు తీసుకుంటావే మేడం అని నవ్వాడు, హజరత్తయ్యా, జవాబు లేదు, హజరత్తయ్యా, టీకి పొయ్యుంటాడు, మీట ఎయ్ మేడం అన్నాడు జ్ఞానప్రకాశం, ఇంతలో ఓనరు ఆనందబాబు ఫోను, రొయ్య గాలాడక పైకి తేలతుందమ్మా, పంట పోయిందంటే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు, మేకుకు తువ్వాల ఉందన్నాను, ఇంత చదివి తువ్వాల చూసి భయపడతావా, నేనే పొరపాటు పడుతున్నానేమో, ఎవరో ఆరేసి పోయారేమో, చెయ్యి మీట మీదికి పోయింది, అలవాటుపడిన నోరు మాత్రం మళ్లీ హజరత్తయ్యా అంది.

చక్రం వెనకనుంచి తల లేచింది, ఏంది మేడం, తాడు చిక్కుపడితే దిగినా, మునిగుంటే యాడ వినబడేది, ఈ తువ్వాల నీదేనా, నాది నడుముకే ఉండాదే, తగిలించేది మర్చిపోయినా, అతని నడుముకు నీలం తువ్వాల, మాలకొండమ్మ డబ్బా కింద పెట్టింది, మేకు వైపు చూడలేదు, పెంచలకృష్ణది ఎర్రదే మేడం అంది మెల్లగా.

నేను చూశాను, మేకు ఖాళీ, కింద సిమెంటు మాత్రం ఇంకా తడి, హజరత్తయ్య గట్టెక్కాక మళ్లీ అందరినీ పిలిచాను, అందరూ పలికారు, ఈసారి ఎవరూ నవ్వలేదు, మీట ఎత్తాను, చెయ్యి వణుకుతూనే ఎత్తింది, వణుకు పోయేదాకా ఆగనక్కర్లేదని, రోజూ చేసేది చేస్తే చాలని ఇప్పుడు తెలిసింది, రేపటినుంచి చివర ఇంకో పేరు కూడా పిలుస్తాను, మీరు ఈ దారిన పోతూ చక్రాలు ఆగిన గుంట దగ్గర ఎవరో పేర్లు పిలవడం వింటే, జవాబు రాని ఆ చివరి పేరు పెంచలకృష్ణది, అతన్ని ఒకసారి తలుచుకోండి.