పలికినవాడు

చిలకల గుంపు పందిరి మీదికి దిగే వేళకు సత్తయ్య నిచ్చెన ఎక్కి నిలబడి ఉన్నాడు. ఎడమ చంకలో పాత నూనె డబ్బా, కుడి చేతిలో చింత బరికె. టపటపా నాలుగు దెబ్బలు వేసి, ఆగి, తల తిప్పి చూశాడు. చిలకలు కీచుమంటూ లేచి శామీర్‌పేట చెరువు దిక్కుకు మళ్ళాయి. నిజానికి తోటలో కాయ కోసేసి చాలా రోజులైంది. ఎండిన తీగల మీద కావలి కాయడానికి ఏమీ మిగల్లేదు. అయినా తెల్లవారితే డబ్బా కొట్టాలి. కొట్టకపోతే ఆ చేతులతో ఏం చేసుకోవాలో అతనికి తెలియదు.

చేతులంటే నిజం చేతులు కావు; వెదురు బద్దలకు చుట్టిన గోనెగుడ్డ. కాళ్ళు రెండు గుంజలు. తల సున్నం పూసిన కుండ. దాని మీద బొగ్గుతో గీసిన కళ్ళు, ముక్కు, కొంచెం పక్కకు వాలిన నోరు. గీసిన రోజు అతని అక్క శివమ్మ చెయ్యి వణికింది, అందుకే ఆ నోరు అలా ఉంది. ఒళ్ళంతా వరిగడ్డి. గడ్డి మీద నీలిగళ్ళ చొక్కా. అది కూడా ఇప్పుడు చొక్కాలా లేదు, అతుకు మీద అతుకు.

అలియాబాద్ దగ్గరి ఆ అంగూరు తోటలో ఏళ్ళ తరబడి అతనిది ఇదే పని. గడ్డిమనిషి నడుస్తున్నాడంటే మొదట్లో చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వింత చూడడానికి వచ్చారు. రెండు కాపులు కోసేసరికి వింత పాతబడింది. కూలికి వచ్చే ఆడవాళ్ళు అతని భుజానికే సద్దిమూటలు తగిలించేవారు. మగవాళ్ళు గేటు దగ్గరే బీడీ ఆర్పి లోపలికి వచ్చేవారు. లోకంలో అతనికి దక్కిన మర్యాద అదొక్కటే.

పిట్టలు డబ్బాకు భయపడేవి గాని అతనికి కాదు. ఎండలు ముదిరితే పిచ్చుకలు అతని చంకలోంచి గడ్డిపోచలు పీకి గూళ్ళకు మోసుకుపోయేవి. సత్తయ్య కదలకుండా నిలబడి పీకనిచ్చేవాడు. శివమ్మ చూసిందంటే తిట్టేది.

"వాటికి ఇండ్లు కట్టిచ్చుకుంట నిలవడు. రేపు నీ బొక్కలు బయటపడితె నేను జూస్త."

ఆ పొద్దున గేటు దగ్గర జీపు ఆగింది. తోట యజమాని యాదగిరి దిగి, చేతిలోని సిగరెట్టును బూటుకింద నలిపి, నలిగిందో లేదో మళ్ళీ వంగి చూసి లోపలికి వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో బంగారు గొలుసు. ఈమధ్య ఎన్నికల్లో నిలబడాలని తిరుగుతున్నాడు.

"సత్తయ్యా, దిగురా."

సత్తయ్య నిచ్చెన దిగాడు. "ఏంది పటేలా."

"రేపు పొద్దుగాల మిషను వస్తాంది. కడీలు పీకుతరు, బాయి పూడుస్తరు. ఎల్లుండి నుంచి గీడ ప్లాట్లే."

"ఎర్కే పటేలా."

"మా నాయిన పెట్టిన తోట. నాకు సంబురమా? బోర్లల్ల నీళ్ళు లేకపాయె, మందులకే ఉన్నదంతా పాయె. నువ్వన్న తిట్టురాదుర నన్ను."

"నేనేమన్న అన్ననా?"

"అనవు. గదే నా పరేషాన్." యాదగిరి నవ్వబోయి ఆగిపోయాడు. "కూలి అడగవు, కల్లు అడగవు. నీ అసొంటోన్ని ఓట్లల్ల నిలవెడితె మస్తు గెలుస్తవు." పందిరి మోసే రాతి కడీలను చూస్తూ గొంతు తగ్గించాడు. "మీ అక్క సంగతే జెప్తున్న. ఆ దగ్గు జూసినవా? ఆమె అక్కబిడ్డ సృజన ఆటో తీస్కొని వస్తాంది మాపటికి. మచ్చ బొల్లారంల ఇంట్ల పెట్టుకుంటదట, దవాఖానల చూపిస్తదట. ఆమె పోతెనే బతుకుతది. నువ్వు గీడున్నంత సేపు ఆమె కదల్దిరా."

సత్తయ్య ఛాతీలో గడ్డి కుంగిన చప్పుడు సన్నగా వినిపించింది.

శివమ్మ అతనికి అక్క ఎలా అయిందో ఊరందరికీ తెలుసు. ఆమెకు నిజంగానే సత్తయ్య అనే తమ్ముడు ఉండేవాడు. తల్లీతండ్రీ పోతే చంకనెత్తుకుని పెంచింది. ఈ తోటకే కావలి ఉండేవాడు. ఒక ముసురు రోజున పందిరి కింద పాము ముట్టి చనిపోయాడు. పాడె మోసేవాళ్ళు వల్లకాటికి సగం దారిలో దాన్ని కిందికి దించాలి. అయినవాళ్ళు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలవాలి. పోయిన ప్రాణం అక్కడెక్కడైనా తచ్చాడుతూ ఉంటే విని తిరిగి వస్తుందేమోనని ఆ ఆశ. దాన్ని దింపుడు కళ్ళం అంటారు. ఆ రోజు కుండపోతగా వాన. బురదలో కాళ్ళు దిగబడుతుంటే మోసేవాళ్ళు పాడె దించకుండానే సాగిపోయారు. వెనక శివమ్మ "దించుండ్రి, పిలువుండ్రి" అని అరుస్తూ పరుగెత్తింది. ఉరుముల్లో ఎవరికీ వినపడలేదు.

ఎవరెంత ఓదార్చినా ఆమెది ఒకటే మాట. "పిలవనే లేదు. పిలవకపోతె వాడెట్ల పలుకుతడు?"

పోయినవాడి బట్టలు దినాల నాడు చాకలికి ఇచ్చేయాలి. ఆమె ఒక చొక్కా దాచుకుంది. దాన్ని తెచ్చి తోటలోని గడ్డిబొమ్మకు తొడిగి, కుండ మీద బొగ్గుతో ముఖం గీసింది. చెవి ఉండవలసిన చోట నోరు పెట్టి పిలిచింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి గడ్డిలోంచి "ఆఁ అక్కా" అని వినిపించింది.

పలికినవాడికి తానెవరో తెలియదు. ఆ గొంతు ఎవరినో పిలుస్తోందని, అక్కడ ఎవరూ లేరని మాత్రమే తెలిసింది. ఎవరో ఒకరు పలకాలి కదా అనిపించింది. అతని పుట్టుక అంతే.

చిన్ననాటి సంగతులు ఆమె చెబుతుంటే ఊకొట్టేవాడు. సీతాఫలాలు దొంగిలించిందీ, బాయిలో ఈత నేర్చిందీ తనే అయినట్టు తల ఊపేవాడు. ఒకసారి జ్వరంతో పడుకుని ఆమె చటుక్కున అంది.

"నువ్వు మావోనివి కావు. నాకెర్క లేదనుకున్నవా?"

అతను కుండ దించుకుని నిలబడ్డాడు.

"తల ఎత్తురా పిచ్చోడా. పిలిస్తె పలికినవు గద. పలికినోడే తమ్ముడు."

ఏటా వరికోతలయ్యాక శివమ్మ అతని పాత గడ్డి తీసేసి కొత్తది నింపేది. గడ్డి తీసేశాక అతను ఉండడు. కొత్తది కూరి, గుండీలు పెట్టి, కుండ నిలిపి మళ్ళీ పిలవాలి. ఆ పిలుపు అతనికి చాలా దూరం నుంచి వచ్చేది. పిలుపుకూ పలుకుకూ నడుమ ఒక సందు ఉండేది. అక్కడ ఎండా వానా ఉండవు. బీడీ నిప్పుల భయం ఉండదు. పనయ్యాక పడే నీడలాంటి చోటు అది. ఏటేటా అక్కడ రెప్పపాటు ఆగి, ఆమె గొంతు వణకక ముందే వచ్చేసేవాడు.

మధ్యాహ్నం శివమ్మ మేడ్చల్ నుంచి ఆయాసపడుతూ వచ్చింది. కొంగులోంచి కొత్త రబ్బరు చెప్పుల జత తీసి అతని ముందు పెట్టింది. రెంటినీ కలిపి తెల్ల దారంతో కట్టి ఉంది.

"మాపు ఆటోల నువ్వు కూసుంటె కాళ్ళే ముందు కనవడ్తయి. గుంజలు జూసి డ్రైవరు దుంకి ఉరుకుతడు. చెప్పులాయన సైజెంత అని అడిగిండు. మా తమ్ముని కాలు జానెడన్నర అన్న. నవ్విండు ముండకొడుకు." నవ్వు దగ్గులోకి దిగింది. చాలాసేపు దగ్గి, పెదవులు తుడుచుకుని దారం మీద చెయ్యి వేసింది.

"ఇప్పుడే తెంపకు అక్కా. దుమ్మయితది. ఎక్కేటప్పుడు తెంపుదం" అన్నాడు సత్తయ్య.

ఎండ వాలుతుండగా సృజన ఆటోలో వచ్చింది. శివమ్మ పెద్దక్క కూతురు ఆమె. వెనకనే యాదగిరి జీపూ వచ్చింది. గొంగడి కప్పుకుని నిలబడ్డ సత్తయ్యను చూసి సృజన ముఖం తిప్పుకుంది.

"చిన్నమ్మా, ముందే జెప్పిన గద. గా బొమ్మ వద్దు. మా పోరి ఒక్కసారి జూసి జరం తెచ్చుకున్నది. ఒకటే అర్ర మాది, పొయ్యి పక్కనే పంటం. ఒక్క అగ్గిరవ్వ పడితె ఏమైతది?"

"బొమ్మ ఏందే! నీ మేనమామ."

"మా మామ సచ్చిపోయిండు చిన్నమ్మా. నేను జూసిన."

శివమ్మ అక్కడే మట్టిలో కూలబడింది. "అయితె నువ్వు పో బిడ్డా. నేను రాను. రేపొచ్చే మిషనుకు నేనే అడ్డం పంట."

సృజన ఏడుపు గొంతుతో బతిమాలింది. యాదగిరి బతిమాలాడు. ఆమె కడీని కావలించుకుని కూర్చుంది. మళ్ళీ దగ్గు తెర వచ్చి, వీపు విల్లులా వంగింది. ఆ వీపునే చూస్తూ నిలబడ్డాడు సత్తయ్య. బొగ్గు కళ్ళకు రెప్పలు లేవు, చూడకుండా ఉండడం అతనికి చేతకాదు.

"అక్కా, లే" అన్నాడు చివరికి. "కొట్లాట ఎందుకు? నాకు గడ్డి నలిగి వాసనొస్తాంది. పోరి బుగులుపడక ఏంజేస్తది? కొత్త గడ్డి వెట్టు. మంచిగ తయారయి వస్త. అప్పుడు ఏమంటదో జూద్దం."

అంతవరకూ అతను ఆమెతో నోరు తెరిచి అబద్ధం ఆడలేదు. ఆడవలసిన అవసరం రాలేదు.

శివమ్మ ముఖం విప్పారింది. "జూసినవానే వాని తెలివి!" అని లేచి, యాదగిరి పశువుల కోసం వేసిన వాము నుంచి మోపెడు గడ్డి లాక్కొచ్చింది. చొక్కా గుండీలు విప్పింది. కడుపులోంచి ఎలుక గూడు బయటపడితే నవ్వింది. "గిన్నొద్దులు కిరాయి లేకుండ ఉంచుకున్నవారా వీటిని!" యాదగిరి ఆ కుండ ముఖంలోకి చూశాడు. అతనికి అర్థమైంది.

పాత గడ్డి పిడికెడు పిడికెడు బయటికి వస్తోంది.

"అక్కా."

"ఏందిరా?"

"దవాఖాన మందులు మర్వకు."

"యాది జెయ్యనీకి నువ్వుంటవు గద" అంటూ ఆమె ఆఖరి పిడికెడు తీసింది.

కొత్త గడ్డి పసుపుపచ్చగా నిండింది. గుండీలు పెట్టింది. కుండ తుడిచి నిలిపింది. చెవి ఉండవలసిన చోట నోరు పెట్టింది.

"తమ్మీ."

అతను సందులో ఉన్నాడు. వినిపించింది.

"తమ్మీ, సత్తిగా."

ఆ గొంతు వణికింది. ఎన్నడూ అంతవరకు రానిచ్చేవాడు కాదు. ఉన్నదంతా కూడదీసుకుని ఉండిపోయాడు.

"సత్తయ్యా! లేరా, ఆటో పోతదిరా!"

ఆ తర్వాత లెక్క లేకుండా పిలిచింది. కుండను రెండు చేతులా పట్టుకుని ఊపింది. బొగ్గు నోరు ఎప్పటిలాగే పక్కకు వాలి ఉంది. సృజన ఆటో దగ్గరి నుంచి పరుగెత్తుకొచ్చింది. చిన్నమ్మ ముఖం చూసి, ఆ బొమ్మ ముఖం చూసి, తనూ మోకాళ్ళ మీద కూర్చుంది.

"మామా" అని పిలిచింది. "మామా, పలుకు మామా. తీస్కపోతం నిన్ను."

శివమ్మ కాక ఇంకొకరు అతన్ని వరస పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆ మాట కోసం అతను ఎన్ని ఏళ్ళు నిచ్చెన మీద నిలబడి రోడ్డు చూశాడో ఎవరికీ తెలియదు. ఇప్పుడు "ఆఁ" అంటే చాలు. కాని ఒకే అర్ర, పక్కనే పొయ్యి, పసిపిల్ల. గడ్డిలో ఒక్క పోచ కదిలింది. గాలికేమో అనుకున్నారు వాళ్ళు. ఆ పైన అదీ కదల్లేదు.

శివమ్మ కూర్చున్నచోటే గుండె బాదుకుని ఏడ్చింది. ఆ వాన రోజు నుంచి ఆమె అలా ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అంది.

"పిలిచిన. నోరార పిలిచిన. పలకలే."

యాదగిరి, సృజన చెరో రెక్క పట్టి లేపారు. ఈసారి ఆమె కడీని పట్టుకోలేదు. గేటు దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగి, మళ్ళీ తిరగలేదు. ఆటో మట్టిబాట మీద ఊగుతూ కరీంనగర్ రోడ్డెక్కి అల్వాల్ వైపు మళ్ళింది. యాదగిరి జేబులోంచి సిగరెట్టు తీసి, పందిరి దిక్కు చూసి, వెలిగించకుండానే జీపెక్కాడు.

పందిరి కింద, కడీ మొదట్లో, కొత్త రబ్బరు చెప్పుల జత పక్కపక్కన ఉంది. రెంటినీ కలిపి కట్టిన తెల్ల దారం ఎవరూ తెంపలేదు.