ఆపిల్ మీద వేళ్ళ అచ్చులు

పరాయిదేశం వచ్చి, వెర్రిబీ అనే ఊళ్ళో ఇల్లు కొనేనాటికే పెరట్లో ఆ ఆపిల్ చెట్టు ఉంది. రోజూ పొద్దున్నే లలితకుమారి రాలిన కాయలు ఏరుకొచ్చి, కమిలినచోట కత్తితో చెక్కేసి, మిగతాది పచ్చడి పెట్టేది. భర్త ద్వారకానాథ్ ఆమెను కొట్టిన ప్రతిసారీ కాయల మీద వేళ్ళ అచ్చులు పడేవి. ఫెన్సు అవతలివాళ్ళు చూసి, "ఈ ఏడు కాపు మరీ దెబ్బతింది," అనుకుని, నాలుగు కాయలు అడిగి పట్టుకెళ్ళి జామ్ చేసుకునేవారు.

తొంభయ్యో సంవత్సరం మార్చిలో, అక్కడి ఆపిల్ కాపు వేళ, పప్పులో ఉప్పెక్కువైందని అతను గిన్నె విసిరి, ఆమె జుట్టు పట్టుకుని తలుపుకేసి కొట్టాడు. కనుబొమ్మ చీలింది. మర్నాటికి చెట్టు మీద బాగున్న కాయ ఒక్కటీ లేదు.

"ఏ రకమో కూడా తెలీని దరిద్రపు చెట్టు. కొట్టించేస్తా," అన్నాడు.

"ఒక్కసారి రకం కనుక్కుందామండీ. శనివారం ఊరి హాల్లో ఆపిల్ పోటీ పెడుతున్నారు, అక్కడెవరో చూసి చెప్తారట."

ఆ ఇంట్లో తనవైపున్నది ఆ చెట్టొక్కటే అనిపించేది ఆమెకి.

హాల్లో బల్లలనిండా ఊరందరి పెరటి ఆపిల్స్. యాభయ్యేళ్ళు తోట చేసిన కరోలిన్ అనే ముసలావిడ లలిత తెచ్చిన కాయల్లో ఒకదాని తొడిమ చూసింది, అడ్డంగా కోసి గింజలు చూసింది, ముక్క నమిలింది.

"పాతకాలపు రకం. పేరు చెప్తానుగానీ," అంటూ కాయలన్నీ వరసగా పేర్చింది. "ఈ అచ్చులు పడ్డ చేతికి ఉంగరం వేలు సగమే ఉంది. ఎవరిది, డియర్?"

లలిత వెనక్కి తిరిగి చూసింది. వెనక నిలబడ్డ ద్వారకానాథ్ కుడిచెయ్యి జేబులోకి పోయింది. ఫ్యాక్టరీ మిషన్లో ఆ చేతి ఉంగరం వేలు సగం తెగింది.

"పద ఇంటికి," అన్నాడు తెలుగులో.

"మీరెళ్ళండి. నేను పేరు తెలుసుకుని వస్తాను."

చెంప ఛెళ్ళుమంది. ఆమె బల్ల మీద పడింది, పెదవి చిట్లి తెల్లగుడ్డ ఎర్రబడింది. కిందికి జారితే డొక్కలో తన్నాడు. హాల్లో ఉన్న ప్రతి ఆపిల్ మీదా ఒక్కసారే నాలుగున్నర వేళ్ళు తేలాయి.

ప్రైజు కోసం కాయలు తెచ్చుకున్న ఒక రైతు తన పళ్ళెం వంక చూసుకున్నాడు. తర్వాత వచ్చి ద్వారకానాథ్ చెయ్యి విరిచిపట్టాడు. మరో ఇద్దరు అతని మొహం నేలకేసి అదిమారు.

"నా పెళ్ళాం! మా ఇంటి విషయం!" అని అరిచాడతను, ముక్కులోంచి నెత్తురు కారుతుంటే.

పోలీసు వచ్చి ఏమైందని అడిగాడు. కరోలిన్ చెప్పబోయి, లలిత మొహం చూసి ఆగింది.

"కొట్టాడు," అంది లలిత, ఇంగ్లీషులో. "ఇవాళొక్కరోజే కాదు. మొదట్నించీ చెప్తాను. రాసుకోండి."