పైడిచెలక పంపు

పైడిచెలకలో బంగారం తీయడం ఆగిపోయి ఎనిమిదేళ్లయినా ఊరు మాత్రం ఆ సంగతి ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సిన పనేముంది, పంపు నడుస్తూనే ఉంది కదా. గని మూసిననాడు కంపెనీ పెద్దలు "తాత్కాలికం" అని ఒక మాట వదిలి జీపెక్కారు. లోపల ఊరే నీళ్లను రాత్రింబగళ్లు పైకి తోడే పంపును మాత్రం ఆపలేదు. నీళ్లు తోడినంతకాలం గని మునగదు, మునగనంతకాలం ఎప్పటికైనా తెరుస్తారు. ఊళ్లో పాలు తాగే పిల్లలు తప్ప మిగతా అందరూ ఈ ధీమా మీదే బతుకుతున్నారు.

ఆ పంపు చెంచురామయ్య చేతిలో ఉండేది. వైరా దగ్గర మాగాణి ఉన్న ఇంట్లో పుట్టి, వ్యవసాయమంటే పడక, పాతికేళ్ల వయసులో ఈ అడవి అంచుకు వచ్చిపడ్డ మనిషి. పదేళ్లు గని లోపల రాయి కొట్టాడు, ఆ తర్వాత పంపు ఆపరేటర్ అయ్యాడు. పైడిచెలకను ఎవరైనా ఒక్క మాట అంటే ఊరుకునేవాడు కాదు. కొత్తగూడెం నుంచి బొగ్గుగని చుట్టాలెవరైనా వస్తే, "మీరు స్నానం చేస్తే మసి పోతుంది, మేం చేస్తే బంగారం పోతుంది" అని మీసం దువ్వేవాడు. ఒంటికి అంటేది ఉత్త రాతిపిండి అని ఆయనకూ తెలుసు, చుట్టాలకూ తెలుసు. అయినా ఆ మాట అనకుండా వాళ్లను బస్సెక్కించిన రోజు లేదు.

అప్పటి పైడిచెలకను చూడాల్సింది. పొద్దున్నే గని సైరన్ కూత వేస్తే భద్రాచలం రోడ్డు మీద పోయే బస్సు డ్రైవర్లు కూడా గడియారాలు సరిచేసుకునేవాళ్లు. క్యాంటీన్ ఉప్మాలో పల్లీలు తక్కువయ్యాయని వంటవాడితో రోజూ గొడవే. శనివారం సాయంత్రం, గని రాయిని పిండి చేసే మిల్లు గోడకు సున్నం కొట్టిన చోట సినిమా వేస్తే, క్వార్టర్ల వాళ్లు కుర్చీలతో, గూడేల వాళ్లు చాపలతో, తండా వాళ్లు మేకపిల్లలతో సహా వచ్చి కూర్చునేవాళ్లు. దసరాకు గని బావి మీది ఇనుప గోపురానికి కింది నుంచి కొసదాకా రంగు బల్బులు కట్టేవాళ్లు. చెంచురామయ్య భార్య సుబ్బరత్నం పెళ్లయి వచ్చిన కొత్తలో ఈ అడవిలో ఉండలేనని మాటిమాటికీ పెట్టె సర్దుకునేది. ఆ బల్బులు చూసినప్పటి నుంచి మళ్లీ పుట్టింటి ఊసెత్తలేదు.

ఇప్పుడు కూత లేదు, క్యాంటీన్ లేదు. సగం క్వార్టర్లకు తలుపులు కూడా లేవు. మిగిలిన నలభై కుటుంబాలకు కరెంటు వస్తోందంటే అది పంపు కోసం వేసిన లైను చలవే. ఇల్లు ఖాళీ చేయమని కంపెనీ ఇంకా అనలేదంటే అదీ పంపు చలవే. ఇళ్లుంటే పిల్లలుంటారు, పిల్లలుంటే బడి ఉంటుంది. ఊరు ఊరంతా ఆ ఒక్క మోటారు మీద కూర్చుని ఉందని చెంచురామయ్యకు తెలుసు. అందుకే కన్నబిడ్డకు కూడా ఎవరూ చేయనంత సేవ దానికి చేసేవాడు ఆయన. "నాకు జ్వరమొస్తే ఒక్కసారి నుదురు ముట్టి చూడవు, దాన్ని మాత్రం గంటకోసారి ముట్టి చూస్తావు" అని సుబ్బరత్నం దెప్పేది. ఆ దెప్పులో అబద్ధం లేదు.

గుట్టకు అవతలి వాలులో ఒక తండా ఉంది. అక్కడి హేమ్లి ఒకప్పుడు మిల్లు దగ్గర రాయి ఏరే పని చేసేది. అప్పటి నుంచి చెంచురామయ్యను అన్నా అనీ, సుబ్బరత్నాన్ని వదినా అనీ పిలుస్తుంది. ఆమె భర్త లాలుకు మేకలున్నాయి, కొడుకు మోతీ పైడిచెలక బడిలోనే చదువుకున్నాడు. గని తెరిస్తే మొదటి నౌకరీ వాడికేనని చెంచురామయ్య మాటిచ్చాడు. ఏ అధికారంతో ఇచ్చాడని అడగకూడదు. పైడిచెలకలో అప్పట్లో అందరూ గని తరఫునే మాటలిచ్చేవాళ్లు.

తండాకు ఉన్నది ఒకటే బావి, అది ఏటా ఎండాకాలం ఎండిపోయేది. పంపు నీళ్లు ఉన్నాయి కానీ అవి మిల్లు వెనక రాతిపిండి దిబ్బల మధ్య నుంచి పారి వాగులో కలుస్తాయి. బంగారం కరిగించడానికి వాడిన విషపు మందు ఆ దిబ్బల్లో ఉందని పశువులను కూడా అటు పోనిచ్చేవాళ్లు కాదు. చెల్లెలు అనిపించుకున్న మనిషి నీళ్లకు అల్లాడుతుంటే చూస్తూ ఊరుకోవడానికి చెంచురామయ్యకు మనసు ఒప్పేది కాదు. అందుకని ప్రతి ఎండాకాలం, పంపు దగ్గర ఇంకొకరిని కాపలా పెట్టి, గని లోపల రాయి పేల్చడంలో చెయ్యి తిరిగిన బొజ్జయ్యను వెంటబెట్టుకుని తండాకు పోయేవాడు. ఇద్దరూ బావిలో దిగి రాయికి బెజ్జాలు వేసి, మందు కూరి పేల్చి, బావిని ఇంకొంచెం లోతు చేసేవాళ్లు. ముక్కలైన రాయిని గంపలకెత్తి తండా అంతా పైకి లాగేది. నీళ్లు పడేవి. మరుసటి ఎండాకాలానికి మళ్లీ మాయమయ్యేవి. వీళ్లు ఎంత తవ్వితే అవి అంత కిందికి దిగేవి. వానలు సరిగా లేవని చెంచురామయ్య, రాయి మంచిది కాదని బొజ్జయ్య, ఎవరి కారణం వాళ్లు చెప్పేవాళ్లు.

ఆ ఏడు వేసవి మొదట్లో, తండా బావిని లోతు చేసి వచ్చిన కొద్ది రోజులకే, పంపు మోటారు కాలిపోయింది. చుట్టిన తీగ అంతా మాడి వాసన వచ్చింది. లారీ మీద ఖమ్మం పంపారు. వారంలో చుట్టిస్తామన్న షాపువాళ్లు నెల దాటించారు. ఊళ్లో ఒక్కరికీ కంటి మీద కునుకు లేదు. ఆ చప్పుడులో పుట్టి పెరిగిన పిల్లలైతే భయపడి ఏడ్చారు. "ఇన్నేళ్లూ ఆ గోల ఎప్పుడు ఆగుతుందా అనుకున్నాను, ఇప్పుడది లేకపోతే నిద్ర పట్టి చావట్లేదు" అంది సుబ్బరత్నం. చెంచురామయ్య పొద్దున్నే గని బావి దగ్గరికి పోయి ఒక రాయి వేసి చెవి పెట్టేవాడు. నీళ్లలో పడ్డ చప్పుడు రోజురోజుకూ జల్దీగా వినిపిస్తుంటే ఆయన ప్రాణం విలవిల్లాడేది.

అలాంటి రోజుల్లో లాలు నవ్వుకుంటూ వచ్చాడు. "అన్నా, మీ చేతి చలువ. బాయిల ఊట పడ్డది. ఇంత నీళ్లు నా పెండ్లప్పుడు గూడ సూడలె. రేపు మా తాన దావత్, నువ్వూ బొజ్జయ్యా రావాలె" అన్నాడు.

తండాలో మేకను కోశారు. చెంచురామయ్యకూ బొజ్జయ్యకూ కొత్త తువాళ్లు కప్పి, బావి గట్టున కూర్చోబెట్టారు. బొజ్జయ్య తాగినదానికంటే ఎక్కువ ఊగుతూ, "నేను పెట్టిన దెబ్బ అసొంటిది. ఊట నరం మీదనే పడ్డది" అని అందరికీ చెప్పాడు. చెంచురామయ్య బావిలోకి తొంగి చూశాడు. పోయినసారి తాము నిలబడి గంపలు నింపిన బండ కనపడలేదు, దాని పైది కూడా మునిగింది. చుట్టూ చూస్తే మోదుగులు ఆకు లేకుండా నిలబడి ఉన్నాయి. వాన చినుకు పడి నెలలైంది. పంపు ఆగిన నాటి నుంచి పొద్దున్నే తాను గనిలో వింటున్న చప్పుడు గుర్తొచ్చింది. అక్కడ పైకొస్తున్న నీళ్లే ఇక్కడా పైకొస్తున్నాయి. ఏళ్ల తరబడి ఈ బావి నీళ్లను తోడి దిబ్బల్లో పారబోసినవాడు తానే. ఎండబెట్టిందీ తానే, తవ్వి పెట్టానని తువాలు కప్పించుకుంటున్నదీ తానే. అంత సిగ్గు ఆయన జన్మలో ఎప్పుడూ పడలేదు.

నాలుగు రోజులకు మోటారు వచ్చింది. దించి, బిగించి, తీగలన్నీ కలిపేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది. సాయంత్రం కొబ్బరికాయ కొట్టి మొదలుపెడదామని ఊరంతా అనుకున్నారు. చెంచురామయ్య ఎవరికీ చెప్పకుండా గుట్ట దిగి తండాకు పోయాడు. హేమ్లి బావి దగ్గర బిందెలోకి నీళ్లు తోడుతోంది. ఆమెకు ఎలా చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు అక్కడికొచ్చేసరికి ఒక్కటీ మిగల్లేదు.

"హేమ్లీ, ఈ నీళ్లు బొజ్జయ్య దెబ్బకు పడ్డవి కావమ్మా" అన్నాడు.

"ఎరికే అన్నా" అంది హేమ్లి.

హేమ్లి బిందె గట్టున పెట్టింది. "మూడేండ్ల కింద గాలిదుమారానికి కరెంటు తీగలు తెగి పంపు బందైంది గద. అప్పుడు గిట్లనే ఊట పడ్డది. పంపు నడవంగనే పోయింది. లాలుకు గూడ చెప్పలె."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పాలె? నువ్వు ఏటా వచ్చి మా బాయిల రాళ్లు మోస్తుంటివి. నీ పంపే మా నీళ్లు గుంజుతున్నదని నీ మొకం మీద ఎట్ల అంట? పంపు బందైతే మీ ఊరు పోతది. ఊరు పోతే వదిన పోతది, బడి పోతది. నా మోతీ గూడ గదే బడిల సదివిండు. నీళ్లదేముంది, వాగుల చెలిమె తీస్తే బిందెడు దొరుకుతయ్."

వాగు ఇసుకలో గుంట తీసి చెంబుతో నీళ్లు తోడుకోవడమంటే ఒక్క బిందెకు ఎంతసేపో చెంచురామయ్యకు తెలియనిది కాదు. బిందె ఎత్తుకుందామని హేమ్లి తల మీది ముసుగు వెనక్కి తోసింది. బరువు మోసీ మోసీ నడినెత్తిన వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయి. ఇన్నేళ్లూ ఆయన కంటికి అది ఆనలేదు. వెనక్కి తిరిగాడు.

పంపు షెడ్డు ముందు ఊరంతా కాచుకుని ఉంది. సుబ్బరత్నం పసుపు కుంకుమ పళ్లెంతో నిలబడింది. చెంచురామయ్య స్విచ్చు దగ్గరికి పోలేదు. గడపలోనే నిలబడి, తండా బావి సంగతంతా దాపరికం లేకుండా చెప్పి, "నేను పంపు వేయను. కావాలంటే మీలో ఎవరైనా వేసుకోండి" అని పక్కకు తప్పుకున్నాడు.

బొజ్జయ్య ముందుకొచ్చాడు. "గని మునిగిపోతది అన్నా. మునిగినంక మనం ఏంది? అడివిల పడున్న మనుషులం, గంతే గద" అన్నాడు. స్విచ్చు దాకా పోయి చెయ్యి కూడా పెట్టాడు. ఆ చేత్తోనే ఆ బావిని ఏటేటా తవ్వాడు. స్విచ్చు వేయకుండానే చెయ్యి తీసేసి, మిగతావాళ్ల వంక చూడకుండా బయటికి నడిచాడు. ఆయన వెనకే ఒక్కొక్కరూ ఇళ్లకు పోయారు. సుబ్బరత్నం మాత్రం తెచ్చిన కుంకుమ వృథా కాకుండా మోటారుకు బొట్టు పెట్టి, దాని మీద చెయ్యి వేసి భోరున ఏడ్చింది.

ఇక పంపు వేయడం లేదని కంపెనీకి కబురు పోయింది. వాళ్లు బతిమాలతారని, కనీసం తిడతారని చెంచురామయ్య ఎదురుచూశాడు. పంపు ఖర్చు తప్పిందని కంపెనీ ఊపిరి పీల్చుకుంది. వానాకాలం లోపలే కరెంటు లైను పీకి, క్వార్టర్లు ఖాళీ చేయమన్నారు. బడి పక్క ఊరికి మారింది. బొజ్జయ్య కొత్తగూడెం పోయాడు. నలభై కుటుంబాలు లారీల్లో, ఎడ్లబండ్లలో, ఉన్న సామానంతా మూటలుగా కట్టుకుని భద్రాచలం రోడ్డెక్కాయి. ఎక్కే ముందు అందరూ ఇనుప గోపురం వైపు ఒకసారి తిరిగి చూశారు. అది చూసి ఏడవనివాళ్లు ఒక్కరూ లేరు.

చివరగా మిగిలింది చెంచురామయ్య, సుబ్బరత్నం. వైరాలో తమ్ముడింటికి పోవాలి. లారీలో సామాను సర్దించి, భార్యాభర్తలిద్దరూ తండాకు చెప్పి రావడానికి పోయారు. ఆడవాళ్లు బావి గట్టున సందడిగా ఉన్నారు. సుబ్బరత్నాన్ని పట్టుకుని హేమ్లి వదలలేదు. చాలాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఉత్త నోటితోని పోతరా అన్నా. మంచినీళ్లన్న తాగి పో" అని బిందెలో చెంబు ముంచింది.

చెంచురామయ్య దోసిలి పట్టాడు. మొదటి గుక్క గొంతు దిగకముందే ఆగిపోయాడు. చల్లగా, కాస్త ఇనుము వాసనతో, రాతి చెమ్మతో ఉన్నాయి నీళ్లు. పాతికేళ్ల వయసులో గని లోపల పని మధ్యలో దప్పికైనప్పుడు, తోటివాళ్లు దీపం పట్టుకుంటే, రాతి పగులు కింద దోసిలి పట్టి తాగిన నీళ్లే ఇవి.

"ఏందన్నా, మంచిగ లేవా?" అంది హేమ్లి.

"బాగున్నాయమ్మా" అన్నాడు చెంచురామయ్య, దోసిలి దించకుండానే. "ఇంకొంచెం పొయ్యి."