తెడ్డు లేని పడవ

మధ్యాహ్నం గిన్నెలు కడిగేశాక నాజ్నీన్ మగ్గం ముందు కూర్చుంటుంది. ఆమె కుట్టిన జాకెట్లకి రేపల్లెలో మంచి పేరు. వాటి మీది నెమళ్ళు సాయంత్రమయ్యేసరికి కాస్త అటూ ఇటూ జరుగుతాయి. అందుకని పెళ్ళివాళ్ళు ఫొటోలు పొద్దున్నే తీయించుకుంటారు.

ఈసారి తెనాలి కొట్టు మురళీమోహన్ తెచ్చిన పని వేరు. ఫ్రాన్సులో ఏదో పల్లెటూరి చిహ్నమట, జెండా మీదకి. డాలు ఆకారం, నీలం నీళ్ళు, మధ్యలో తెల్ల పడవ.

"తెడ్డేదే?" అంది అత్త జానీ బీ, బొమ్మ చూసి. "తెడ్డు లేకపోతే అది పడవా, పళ్ళెమా? దొరలకేం తెలుసు!"

నాజ్నీన్‌కి నిజమే అనిపించింది. నిజాంపట్నంలో బోట్ల ఇంజన్లు బాగుచేసేవాడి పెళ్ళాం ఆమె. వెండి జరీతో తెడ్డు కుట్టేసి, ఫొటో తీసి పంపింది.

మురళీమోహన్ వెంటనే ఫోన్ చేశాడు.

"అక్కా, తెడ్డు పెట్టావేంటి! అది లేకపోవడమే ఆ చిహ్నానికి అర్థం. పూర్వం వాళ్ళ ఏట్లోకి ఓ పడవ వచ్చేదట. ఎక్కినవాళ్ళు తిరిగి రాలేదట. ఊళ్ళోవాళ్ళు దాని తెడ్డు తగలబెట్టి, ఇక కదలకుండా డాలు మీదకి ఎక్కించారట. తీసెయ్యి."

కత్తెర అందుకునేలోపే మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి మొగుడు ముజీబ్.

"బస్సు తప్పిపోయింది. కాలవలో పడవుంటే ఎక్కేశా. తెడ్డు వేసే ఆవిడ రేపల్లెకేనంటోంది."

"దిగండి! వెంటనే దిగిపోండి!"

"నడి నీళ్ళలో ఎక్కడ దిగను?"

లైను తెగింది.

గుడ్డ మీద పడవ అంచు వైపు జరుగుతోంది. అందులో ఇద్దరు కూర్చుని ఉన్నారు. ఒకరిది ముజీబ్ గళ్ళ చొక్కా.

నాజ్నీన్ కత్తెర తెడ్డుకి ఆనించింది. జానీ బీ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నడి నీళ్ళలో ఆపేస్తావా నా కొడుకుని? ముందు ఒడ్డు కుట్టు."

మట్టిరంగు దారం వెతికే వ్యవధి లేదు. సూదిలో పెళ్ళిజాకెట్ తాలూకు ఎర్ర పట్టుదారం ఉంది. పడవ ముక్కుకి ఎదురుగా పెద్ద పెద్ద కుట్లతో ఒడ్డు వేసింది. పడవ తగిలి ఆగింది. గళ్ళ చొక్కా లేచి, ఒడ్డెక్కి, కనిపించకుండా పోయింది. రెండో మనిషి దిగలేదు. అప్పుడు తెడ్డు కోసేసింది.

చీకటి పడకముందే ముజీబ్ వచ్చాడు, మోకాళ్ళ దాకా ఎర్ర బురదతో. జానీ బీ వాడి ముఖమంతా తడిమింది, ఆనక తిట్టింది.

"ఒడ్డు చూడగానే అనుకున్నా, నీ కుట్టు నాకు తెలీదా?" అన్నాడు భార్యతో. "పడవ ఆవిడ కూడా వంగి ఒడ్డు తడిమి చూసింది. ఎవరు కుట్టారని అడిగింది. నీ పేరు చెప్పా. ఇల్లెక్కడో కూడా చెప్పా."

నాజ్నీన్ మగ్గం వైపు తిరిగింది. పడవ ఒడ్డుకి ఆనుకునే ఉంది. అందులో ఎవరూ లేరు.