నాలుగు తీగల అంద్రెయ

1986 జూన్‌లో ఒక ఆదివారం, చర్చి అయిపోయాక, అంద్రెయ తన గిటారు భుజాన వేసుకుని తెనాలి మారిస్‌పేటలో మూతపడ్డ ఒక రైస్ మిల్లు వెనకనున్న రేకుల షెడ్డుకి వెళ్ళాడు. ‘డెల్టా బాయ్స్’ అనే బ్యాండు అక్కడ ప్రాక్టీసు చేసేది. వాళ్ళకో మనిషి కావాలన్న సంగతి అతను పనిచేసే రేడియో రిపేరు షాపులో చెవిన పడింది. అప్పటికి అతనికి ఇరవయ్యొక్కేళ్ళు. బాపట్ల హాస్టల్ కుర్రాళ్ళు బాగుచేయమని ఇచ్చిన టేప్ రికార్డర్లలో ఇంగ్లీషు క్యాసెట్లు ఉండిపోయేవి. వాటిని వింటూ, ఆపి మళ్ళీ వింటూ, గిటారు సొంతంగా నేర్చుకున్నాడు.

బ్యాండు బసవేశ్వరరావుది. తెలుగు పండితుడి కొడుకు, అంద్రెయ కన్నా ఆరేళ్ళు పెద్ద. రాగం నడిపే లీడ్ గిటారు వాయించేదీ అతనే, పాడేదీ అతనే. డ్రమ్స్ దగ్గర కూర్చునేది జకరయ్య. నలభై దాటిన మనిషి, వృత్తికి టైలరు.

అంద్రెయ పది నిమిషాలు వాయించాడు. బసవేశ్వరరావు చేతులు కట్టుకుని విన్నాడు. అయిపోయాక తన గిటారుకేసి ఒకసారి చూసుకున్నాడు.

“బాగుంది తమ్ముడూ. కాకపోతే లీడ్‌కి నేనున్నాను. మాకు కావాల్సింది బేస్,” అంటూ మూలనున్న, అడుగు స్వరాలేసే నాలుగు తీగల గిటారు చూపించాడు. “అది వాయించేవాడు ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. ఆరు తీగలు వచ్చినవాడికి నాలుగు తీగలెంత చెప్పు?”

అంద్రెయకి మనసు చివుక్కుమంది. కానీ కాదంటే ఈ షెడ్డు కూడా ఉండదు. తెనాలి చుట్టుపక్కల ఇలాంటి సంగీతం వాయించే చోటు ఇంకోటి లేదు. “అలాగేనన్నా,” అన్నాడు.

మొదటి ఏడాదంతా బసవేశ్వరరావు ఏ స్వరం చెబితే ఆ స్వరం మీద వేలు పెట్టి నొక్కడమే అతని పని. పెళ్ళిళ్ళకి, కాలేజీ వార్షికోత్సవాలకి, క్రిస్మస్ కార్యక్రమాలకి వెళ్ళేవాళ్ళు. స్టేజీ మీద అతని చోటు వెనక, డ్రమ్స్ పక్కన, వెలుతురు సరిగా పడని మూల. ఏడాది నిండబోతుండగా ఒక కార్యక్రమానికి తల్లి సుందరమ్మ పొరుగువాళ్ళని వెంటబెట్టుకుని చూడటానికొచ్చింది. మర్నాడు అన్నం వడ్డిస్తూ అంది:

“అందరివీ వినబడ్డాయిగానీ నీది వినబళ్ళేదురా. మిషనేమన్నా పాడైందా?”

“లేదమ్మా. అది అంతే.”

సాయంత్రం జకరయ్య కొట్టుకి వెళ్ళి, మానేస్తున్నానని చెప్పాడు. జకరయ్య పళ్ళ మధ్య గుండుసూదులు పెట్టుకుని జాకెట్టు చేతులు అతుకుతున్నాడు. సూదులు తీసి పక్కన పెట్టాడు.

“మానేద్దువుగానిలే. ముందిట్రా. ఆ స్టూలేసుకుని కూర్చో. జనం నా చేతులు చూస్తారు, అవి పైన ఆడుతుంటాయి గదా. నువ్వు నా కాలు చూడు. డ్రమ్ము పెడల్ మీద నా కాలు పడ్డచోట నీ వేలు పడుతోందా? పడట్లేదు. ఓ ఇసుమంత ముందో వెనకో పడుతోంది. అందుకే నువ్వు వినపడట్లేదు, నేనూ వినపడట్లేదు.”

“ఏడాది నుంచీ ఈ మాట చెప్పలేదేంటి బాబాయ్?”

“నువ్వు నావైపు చూస్తే గదా చెప్పడానికి. ఎప్పుడూ బసవయ్య వేళ్ళకేసే చూస్తుంటివి.”

ఆ వారం నుంచి ప్రతి బుధవారం కొట్టు కట్టేసే ముందు ఇద్దరూ కూర్చునేవాళ్ళు. జకరయ్య ఉత్త కుట్టు మిషను తొక్కుతూ తాళం వేసేవాడు. అంద్రెయ ఆంప్లిఫయరు లేకుండానే బేస్ గిటారు ఒళ్ళో పెట్టుకుని ఆ కాలి మీదే కళ్ళుంచి వాయించేవాడు. రెండు నెలలకి కాలు చూడాల్సిన అవసరం పోయింది. పొన్నూరులో ఒక పెళ్ళిలో, కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్న పెద్దవాళ్ళు కూడా తెలియకుండానే చెప్పులతో నేల తడుతున్నారు. ఎందుకు తడుతున్నారో వాళ్ళకి తెలీదు. అంద్రెయ జకరయ్య వైపు చూశాడు. జకరయ్య కనుబొమలెగరేశాడు.

ఆ తర్వాత ఇంకొకటి దొరికింది. పదహారో ఏట నుంచీ అంద్రెయ చర్చి క్వయర్‌లో మగవాళ్ళ కింది గొంతు పాడేవాడు. ఒక ఆదివారం కీర్తన మధ్యలో అతనికి తట్టింది. తను పాడే వరస ఒక్కచోట కూర్చోవడం లేదు. పై రాగం కిందికి దిగుతుంటే తనది పైకి నడుస్తోంది. పైవాళ్ళు ఆగినప్పుడు తనది కదులుతోంది. ఆరేళ్ళుగా పాడుతున్నా, గిటారు పట్టుకున్నాక గానీ దాన్ని వినలేదు. ఆ మధ్యాహ్నమే షెడ్డులో అలా నడిపించి చూశాడు.

“నేను చెప్పిన స్వరం మీద ఉండవయ్యా,” అన్నాడు బసవేశ్వరరావు.

“ఒక్కసారి వినన్నా. నచ్చకపోతే మానేస్తా.”

బసవేశ్వరరావు విన్నాడు. మళ్ళీ వాయించమన్నాడు. మెచ్చుకోలేదుగానీ ఆ రోజు నుంచీ అంద్రెయకి స్వరాలు చెప్పడం మానేశాడు.

1988లో ప్రమీలారాణి వచ్చింది. రేపల్లెలో టీచరు, అక్కడి చర్చిలో ఆర్గాను వాయించేది. పొద్దున ఆరాధన ముగించుకుని మధ్యాహ్నం రైల్లో తెనాలి వచ్చి కీబోర్డు దగ్గర కూర్చునేది. జకరయ్య డ్రమ్ము మీది ‘డెల్టా బాయ్స్’లో రెండో మాటని కిరసనాయిలు గుడ్డతో తుడిచేశాడు. ‘డెల్టా’ అన్న అక్షరాలూ, పక్కన నల్లటి మరకా మిగిలాయి.

మూడు వారాలకే అంద్రెయకీ ఆమెకీ పేచీ వచ్చింది. చర్చిలో ఒక్కతే అన్నీ వాయించాలి గనక ఆమె ఎడమ చెయ్యి కింది స్వరాలన్నీ పట్టుకుని ఉండేది. అంద్రెయ వేసేదీ అవే. రెండూ కలిసి బురదలా వినిపించేవి.

“ఏమనుకోకండి టీచరుగారూ, మీ ఎడం చెయ్యి నా చోట్లో కూర్చుంటోందండి.”

“మరి నా ఎడం చేతిని ఏం చేసుకోమంటారు? జేబులో పెట్టుకోనా?”

జకరయ్య పెద్దగా నవ్వాడు. వాళ్ళిద్దరూ నవ్వలేదు. కానీ మరుసటి ఆదివారం ఆమె ఎడమ చేతిని కీబోర్డు మధ్యకి జరిపి, కొత్తగా ఏదో అల్లుకుని వచ్చింది. అంద్రెయ కూడా ఒక నెమ్మది పాటలో మొదటి చరణమంతా తను ఆగిపోయి, ఆ కింది స్వరాలు ఆమెకే వదిలేశాడు. రెండో చరణంలో తను మొదలుపెడితే, ఇంట్లోకి ఇంకో మనిషి వచ్చినట్టుంది. వాయించకపోవడం కూడా తన పనేనని అతనికి అప్పుడు అర్థమైంది.

మరుసటి ఏడాది బ్యాండుకి సొంత పాట పుట్టింది కూడా అంద్రెయ వేళ్ళ కిందే. సంగం జాగర్లమూడిలో మేనమామ ఇంటికి సైకిలు మీద కాలవ గట్టున పోతుంటే ఒక చిన్న వరస మనసులో తిరగడం మొదలుపెట్టింది. షెడ్డులో వాయించాడు. జకరయ్య తాళం కలిపాడు, ప్రమీలారాణి పైన స్వరాలు పరిచింది, బసవేశ్వరరావు అక్కడికక్కడే సిగరెట్ పెట్టె అట్ట మీద కాలవ గురించి మాటలు రాశాడు. వెళ్ళినచోటల్లా జనం ఆ పాట అడగడం మొదలుపెట్టారు.

1991 జనవరిలో బసవేశ్వరరావు గొంతు పోయింది. స్వరపేటిక మీద చిన్న కాయలు లేచాయనీ, రెండు నెలలు పాట జోలికి పోవద్దనీ, మొదటి నెల అసలు మాటే వద్దనీ గుంటూరు డాక్టరు చెప్పాడు. బాపట్లలో ఒక కాలేజీ వార్షికోత్సవానికి ఒప్పుకుని ఉన్నారు. మూడు వారాలే ఉంది.

బసవేశ్వరరావు మెడలో పలక తగిలించుకుని షెడ్డుకి వచ్చాడు. “ప్రోగ్రాం వదిలేద్దాం” అని రాశాడు.

“అంద్రెయగారు పాడతారు,” అంది ప్రమీలారాణి. “క్వయర్‌లో పాడతారుగా. శ్రుతి దించుకుంటే సరిపోద్ది.”

“వద్దు” అని రాశాడు బసవేశ్వరరావు పెద్దక్షరాలతో.

“మీ గొంతుకి కట్టిన పాటలేనండి, కాదన్లేదు. ఆయన గొంతుకి తగ్గట్టు కాస్త దించితే పాటకొచ్చిన నష్టమేంటి?”

బసవేశ్వరరావు అరచేత్తో ఆ మాట తుడిచేశాడు.

శ్రుతి దించారు. కానీ అంద్రెయ వల్ల కాలేదు. పాడుతుంటే వేళ్ళు గొంతు వెంట పోతాయి. వేళ్ళని నిలబెడితే గొంతు వాటి దగ్గర ఆగిపోతుంది. నాలుగో రోజున బసవేశ్వరరావు లేచి వచ్చాడు. అంద్రెయ మెడలోంచి బేస్ గిటారు తీసి తను తగిలించుకున్నాడు. తన లీడ్ గిటారు అతని మెడలో వేశాడు. పలక మీద రాశాడు: “నువ్వు పాడు. లీడ్ గొంతు వెంటే పోతుంది. బేస్ నేను చూసుకుంటా.”

చూసుకోలేకపోయాడు. ఆరు తీగలకి అలవాటుపడ్డ చేతులు ఊరుకోవడం లేదు. ఖాళీ కనబడ్డచోటల్లా ఏదో ఒకటి నింపేస్తున్నాడు. జకరయ్య వాయించడం ఆపేశాడు. ఎక్కువ వాయిస్తున్నాడన్న మాట అనాల్సింది ఎవరో ముగ్గురికీ తెలుసు.

“ఎక్కువవుతోందన్నా,” అన్నాడు అంద్రెయ.

“ఎక్కడ?” అని రాశాడు బసవేశ్వరరావు.

“అన్నిచోట్లా.”

అతని మొహం కందిపోయింది. గిటారు గోడకి ఆనించి బయటికి వెళ్ళిపోయాడు. అంద్రెయ కాసేపాగి వెనకే వెళ్ళాడు. మిల్లు గోడ నీడలో బసవేశ్వరరావు నిలబడి ఉన్నాడు. అతను మాట్లాడలేడు గనక మాట్లాడాల్సింది తనే.

“నాకూ ఏడాది పట్టిందన్నా. నాలుగు తీగలెంత అనే నేనూ అనుకున్నా. మనకి అంత టైం లేదు గాబట్టి రేపట్నుంచి రోజూ సాయంత్రం బాబాయ్ కొట్టుకి రా. నేనూ వస్తా.”

మర్నాడు వస్తాడని అంద్రెయ అనుకోలేదు. అతను వెళ్ళేసరికి బసవేశ్వరరావు స్టూలు మీద కూర్చుని, మిషను తొక్కుతున్న జకరయ్య కాలికేసి పరీక్షకి చదివే పిల్లాడిలా చూస్తున్నాడు.

బాపట్ల కాలేజీ మైదానం నిండిపోయింది. అంద్రెయ మైకు ముందుకొచ్చేసరికి వెనక వరసల్లోంచి “బసవన్నా! బసవన్నా!” అని కేకలు. మొదటి పాట వణికింది. రెండో పాటలో రెండో చరణం మర్చిపోయి, మొదటిదే మళ్ళీ పాడాడు. ఈలలు ఎక్కువయ్యాయి. గిటారు మీద చెమటకి వేళ్ళు జారుతున్నాయి. దిగిపోదామనుకున్నాడు.

అప్పుడు డ్రమ్స్ పక్కనున్న మూలలోంచి బసవేశ్వరరావు నడిచి ముందుకొచ్చాడు. అతని పక్కన నిలబడ్డాడు. జనం గోలగా చప్పట్లు కొట్టారు. అతను తన గొంతు మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు. తర్వాత అదే వేలితో అంద్రెయని చూపించాడు. గోల సగం తగ్గింది. మిగతా సగం తగ్గేదాకా చూడకుండానే కాలవ పాట మొదలుపెట్టాడు. ఆ పాట మొదట్లో కాసేపు బేస్ ఒక్కటే ఉంటుంది. అంద్రెయ కట్టినట్టే బసవేశ్వరరావు వాయించాడు, ఒక్క స్వరం కూడా అదనంగా వెయ్యలేదు. అంద్రెయ ఊపిరి పీల్చుకుని పాడాడు. ఆ కింది గొంతు మైదానంలో నెమ్మదిగా పరుచుకుంది. ఆఖర్న చప్పట్లు మోగిపోయాయని చెప్పలేంగానీ, చివరిదాకా ఎవరూ లేచి వెళ్ళలేదు.

వైర్లు చుడుతుండగా బసవేశ్వరరావు పలక మీద చాలాసేపు రాసి, అంద్రెయ చేతికిచ్చాడు.

“మొదట్రోజు మాకు బేస్ కావాల్సిన మాట నిజమే. అది నేను తీసుకుని లీడ్ నీకివ్వాల్సింది. నువ్వు నాకన్నా బాగా వాయించావు. అందుకే ఇవ్వలేదు.”

అంద్రెయ రెండుసార్లు చదివాడు. ఐదేళ్ళు. వెలుతురు పడని మూలలో ఐదేళ్ళు. కోపం వచ్చింది. పర్లేదన్నా అనడానికి నోరు రాలేదు.

“ఇది నోటితో చెప్పాల్సిన మాటన్నా,” అని పలక తిరిగిచ్చేశాడు. “గొంతు వచ్చాక చెప్పు.”

మార్చి చివర్లో డాక్టరు పర్వాలేదన్నాడు. ఆ ఆదివారం షెడ్డులో, జకరయ్యా ప్రమీలారాణీ వింటుండగా, బసవేశ్వరరావు ఆ మాటలు చెప్పాడు. గొంతు బొంగురుగా ఉంది. పై స్వరాలు ఇక తిరిగి రావని అందరికీ తెలిసిపోతోంది. “ఇకమీదట లీడ్ నీది. ఇష్టముంటే బ్యాండూ నీదే,” అన్నాడు.

“చెప్పావు గదా, చాలు,” అన్నాడు అంద్రెయ. “మిగతాది ఆలోచించుకోనియ్.”

రెండు వారాలు లీడ్ వాయించాడు. బాగానే వాయించాడు. వేళ్ళు అన్నీ మర్చిపోలేదు. కానీ వాయిస్తున్నంతసేపూ చెవి కిందికే పోయేది. జకరయ్య కాలు ఎక్కడ పడుతోంది, అక్కడ ఏముంది, ఏం లేదు? పై తీగల మీద తను ఒంటరిగా ఉన్నట్టనిపించేది. ఒకప్పుడు తను కోరుకున్నది ఇదేనన్న సంగతి గుర్తుందిగానీ, ఆ కోరిక ఇప్పుడు లేదు.

“నా బేస్ నాకిచ్చెయ్యన్నా,” అన్నాడు మూడో ఆదివారం. “నీ మీద జాలిపడి కాదు. నాకదే కావాలి. పాడే పాటల్లో మాత్రం సగం నావి. నేను పాడేటప్పుడు బేస్ నువ్వు పట్టుకోవాలి.”

“సగమా?” అన్నాడు బసవేశ్వరరావు.

“మూడో వంతు నావి,” అంది ప్రమీలారాణి కీబోర్డు వెనకనుంచి. “నన్ను అడిగేవాళ్ళే లేరు.”

ముగ్గురికీ మూడో వంతు, ఆ లెక్కే ఖాయమైంది. అలా ఐదేళ్ళు నడిచింది. 1996లో జకరయ్యకి మోకాళ్ళు అరిగి పెడల్ తొక్కడం కష్టమయ్యేదాకా నడిచింది.

ఈ మధ్యలో, 1993 నవంబరులో, రేపల్లెలో ప్రమీలారాణి వాళ్ళ చర్చి పండగకి వాయించారు. మధ్యాహ్నం రైల్లో వెళుతుంటే బసవేశ్వరరావు కిటికీ పక్కన కూర్చుని కాగితం మీద ఏదో రాసి కొట్టేస్తున్నాడు. చివరికి కాగితం మడిచి, ఎదురుగా ఉన్న అంద్రెయ మోకాలి మీద తట్టాడు.

“మాటలు వస్తున్నాయిగానీ కుదురుగా కూర్చోడం లేదురా. ముందు నువ్వు కింద ఏదన్నా వెయ్యి. దాని మీద రాసుకుంటా.”

అంద్రెయ పై బెర్తు మీంచి గిటారు దించి ఒళ్ళో పెట్టుకున్నాడు. జకరయ్య చెప్పు విడిచి, పాదం రైలు నేల మీద ఆనించాడు.